గోడకు ఆనించిన పెట్టెలు

పోయినవారం పెద్దమ్మాయిని ఆఫీసు మెట్ల మీద, చెవి దగ్గర ఫోనుతో వదిలిపెట్టాం. ఆమెది వ్యాపారాలు చేసేవాళ్ళకు సలహాలు చెప్పే ఉద్యోగం. ఒక మందుల కంపెనీకి ఇద్దరు అట్టపెట్టెలు సరఫరా చేస్తున్నారు. ఆ ఇద్దరిలో ఎవరిని ఉంచుకోవాలో, ఎవరిని మానుకోవాలో తేల్చి చెప్పమని ఆ కంపెనీ పెద్దమ్మాయి ఆఫీసును అడిగింది. ఇద్దరిలో ఒకడు ఆమె చెల్లెలి మొగుడు. ఆ చుట్టరికం ఆమె ఆఫీసులో ఎవరికీ చెప్పలేదు. ఆర్డరు చెల్లెలి మొగుడికే దక్కింది. ఓడిపోయిన రెండో మనిషి, ఊరి చివర షెడ్డులో పెట్టెలు చేయించే ఒకావిడ, ఫోన్ చేసి "ఒక్కసారి కలవాలి మేడమ్, గొడవకి కాదు, నేర్చుకోవడానికి" అంది. కాదనడానికి నోరు రాలేదు. ఆఫీసులో కలిస్తే నలుగురూ చూస్తారు. "ఆదివారం మా ఇంటికి రండి" అనేసింది పెద్దమ్మాయి.

ఆ ఆదివారం పొద్దున ఇంట్లో యుద్ధం బట్టల క్లిప్పుల దగ్గర మొదలైంది.

కింది వాటాలో పెద్దమ్మాయి, ఆమె భర్త, తల్లి ఉంటారు. పై వాటాలో చిన్నమ్మాయి, ఆమె భర్త. వంటలు వేరు, ఆదివారం మధ్యాహ్నం మాత్రం అందరికీ కిందే. బట్టలు ఆరేసే తీగ ఒక్కటే, మేడ మీద.

"నీలం క్లిప్పులు మావి, పసుపువి మీవి. ఎన్నిసార్లు చెప్పాలే నీకు?" తల్లి మెట్ల కింద నిలబడి, తల వెనక్కి వాల్చి అడిగింది.

"గాలికి తెలుస్తుందా అమ్మా ఏది నీలమో ఏది పసుపో? కింద పడితే చేతికి దొరికింది పెట్టుకున్నా."

"ఆ గాలి ఎప్పుడూ మా క్లిప్పులే ఎందుకు పడేస్తుందో. దానికీ నువ్వంటేనే ముద్దు కాబోలు."

"మరి చిన్నదాన్ని కదా."

"చిన్నదానివట. నీ నోరు చూస్తే నువ్వే నన్ను కన్నట్టుంటుంది."

పెద్దల్లుడు పేపరు చదువుకుంటూ, తల ఎత్తకుండా అన్నాడు. "ఎందుకత్తయ్యా గొంతు నొప్పి? ఇంట్లోనే పెద్ద కన్సల్టెంటు ఉందిగా. ఏ క్లిప్పు ఉంచుకోవాలో, ఏ క్లిప్పు మానుకోవాలో తేల్చి చెప్తుంది."

మేడ మీద చిన్నమ్మాయి పకపకా నవ్వింది. తల్లి కూడా నవ్వాపుకోలేకపోయింది. పెద్దమ్మాయి ముందుగదిలో కుర్చీలు సర్దుతోంది. ఆ మాట వినగానే ఆమె చేతులు కుర్చీ వీపు మీదే ఆగిపోయాయి.

"మీ ఆయన ఎప్పటికొస్తాడే?" కిటికీలోంచి కేకేసింది.

"కొత్త మిషను బిగిస్తున్నారక్కా. భోజనాల వేళకి వస్తే గొప్పే."

అయితే ఫరవాలేదు. ఆవిడ వచ్చి వెళ్ళిపోతుంది. ఇద్దరూ ఎదురుపడరు. ఆ ధైర్యం రాగానే దాని వెనకే సిగ్గూ వచ్చింది. సొంత ఇంట్లో, సొంత మరిది రాకపోకల వేళలు చూసుకుని మనుషుల్ని పిలవాల్సిన గతి ఏమిటి?

గోడ పక్క అలమారు మీద చెల్లెలి పెళ్ళి ఫొటో ఉంది. పెద్దమ్మాయి దాని ముందు కాసేపు నిలబడింది. తర్వాత దాన్ని తీసుకుని, పడకగదిలోకి వెళ్ళి, దుప్పట్ల కింద బోర్లా పెట్టింది. అలమారు మీద ఫొటో ఉన్న మేర దుమ్ములేకుండా చతురస్రంగా మిగిలింది. కొంగుతో చుట్టూ తుడిచి ఆ గుర్తు కూడా చెరిపేసింది. పనంతా అయ్యాక, ఎంత నేర్పుగా చేశానో అనిపించి ఒళ్ళు జలదరించింది.

అసలు తప్పు ఎక్కడ మొదలైందో ఆమెకు తెలుసు. ఈ పని ఒప్పుకున్న రోజు మీటింగులో డైరెక్టరు ఎప్పటిలాగే అడిగాడు. "ఈ కంపెనీతో గానీ, దానికి సరుకు ఇచ్చేవాళ్ళతో గానీ మనలో ఎవరికైనా చుట్టరికం ఉందా?" అప్పటికి సరుకు ఇచ్చేవాళ్ళ పేర్లు ఇంకా రాలేదు. ఆ మందుల కంపెనీకి మరిది పెట్టెలు వేస్తాడని మాత్రం ఆమెకు తెలుసు. అందరూ తలలు అడ్డంగా ఊపారు, ఆమె కూడా ఊపింది. పేర్లు వచ్చాక చెబుదామనుకుంది. వచ్చాక, ఇప్పుడు చెబితే అప్పుడెందుకు చెప్పలేదంటారని ఊరుకుంది. ఒక పని మాత్రం చేసింది. మరిది షెడ్డు చూసి మార్కులు వేసే పని తన కింద పనిచేసే అమ్మాయికి అప్పగించి, రెండో షెడ్డుకు తను వెళ్ళింది. చుట్టరికానికి దూరంగా నిలబడ్డాననే అనుకుంది.

పోయినవారం ఆ మెట్ల మీద ఫోనులో ఆవిడ గొంతు విన్నాక, మనసులో అణచిపెట్టుకున్న ఇంకొకటి పైకి వచ్చింది. అంతకు ముందొక ఆదివారం భోజనాల దగ్గర ఆమె మరిదిని తిట్టింది. "ఆ పెట్టెలు గోడకి ఆనించి పెడతావేమయ్యా? నేల మీద పలకలు వేసి వాటి మీద పేర్చు. చూసేవాళ్ళు ఏమనుకుంటారు?" వదిన మరిదిని తిట్టినట్టే తిట్టింది. కానీ ఆ వారమంతా ఆమె ఆఫీసులో కూర్చుని, పెట్టెల షెడ్డుల్లో ఏమేం చూడాలో తన చేత్తో తయారు చేస్తోంది.

*

పెట్టెలావిడ చెప్పిన వేళకే వచ్చింది. భారీ మనిషి. గుమ్మంలో ఊపిరి తీసుకోవడానికి ఆగి, ఇంటిని ఒకసారి కలయజూసి, "చల్లగా ఉంది మేడమ్ మీ ఇల్లు" అంటూ కుర్చీ అంచు మీద కూర్చుంది. గోళ్ళ చుట్టూ ఎండిన జిగురు పొరలు పొరలుగా లేచి ఉంది. మాట్లాడుతూ దాన్ని గిల్లుకుంటోంది.

"మీరు ఇబ్బంది పడకండి. నన్ను ఫెయిల్ చేశారని కోపంతో రాలేదు. చిన్నప్పుడు లెక్కల్లో తప్పితే మా మాస్టారు జవాబు పేపరు చేతికిచ్చేవాడు. ఇదిగో ఇక్కడ తప్పావు, చూసుకో అని చెవి మెలేసేవాడు. మీ ఆఫీసులో చెవీ మెలెయ్యలేదు, పేపరూ ఇవ్వలేదు. ఇక మీ పెట్టెలు వద్దన్నారు, అంతే. ఎక్కడ తప్పానో తెలీకపోతే రేపు ఇంకొకళ్ళ దగ్గరా అక్కడే తప్పుతాను కదా."

తల్లి టీ పట్టుకొచ్చింది. వచ్చింది ఆఫీసు మనిషని మాత్రమే తెలుసామెకు.

"మా అమ్మాయి దగ్గర పని నేర్చుకోవడానికి వచ్చారా? మంచిపని చేశారు. అది చిన్నప్పట్నుంచీ అంతేనమ్మా. కందిగింజ పంచినా కొలిచి పంచేది. న్యాయం తప్పదు."

"అమ్మా, నువ్వు లోపలికి వెళ్ళు."

"వెళ్తున్నానే. పొగిడితే దానికి కోపం." తల్లి వెళ్ళబోతూ అలమారు వైపు చూసి ఆగింది. "ఇక్కడ ఉండాల్సిన ఫొటో ఏదే?"

"దుమ్ము దులపడానికి తీశాను."

"పొద్దునే నేను దులిపానుగా."

"మళ్ళీ పట్టిందమ్మా. వెళ్ళు."

తల్లి గొణుక్కుంటూ లోపలికి పోయింది. పెట్టెలావిడ టీ ఊదుకుంటూ నవ్వింది. "అమ్మలంతా ఒకటే మేడమ్. మా అమ్మ ఉండుంటే ఇప్పుడు మీతో నా గురించీ ఇలాగే కోతలు కోసేది."

పెద్దమ్మాయి గొంతు సవరించుకుంది. చెప్పడం మొదలుపెట్టాక మాత్రం గొంతు దానంతటదే దారిలో పడింది. రోజూ మీటింగుల్లో మాట్లాడే గొంతు అది. దాని వెనక దాక్కోవడం ఆమెకు అలవాటే.

"అట్ట చెమ్మని పీలుస్తుందండి. గోడకి ఆనించి పేరిస్తే గోడలో ఉన్న చెమ్మంతా అడుగు వరసలోకి దిగుతుంది. పైకి ఏమీ కనపడదు. అందులో మందు సీసాలు సర్ది లేపితే అడుగు ఊడి వస్తుంది. మీ షెడ్డులో అడుగు వరస వేలితో నొక్కాను."

"చూశాను. దిగింది."

"దిగింది. మార్కులు అక్కడ పోయాయి. మిగతా అన్నిట్లో మీరే ముందున్నారు. వేళకి పంపడంలో కూడా."

పెట్టెలావిడ టీ కప్పు కింద పెట్టింది. "ఏం చేసి ఉండాల్సింది?"

"గోడకి జానెడు ఎడం. కింద చెక్క పలకలు. అంతే."

"అంతేనా?"

"అంతేనండి."

ఆవిడ జిగురు పొర ఒకటి గిల్లి తీసింది. "షెడ్డు వెనకాల పాత తలుపులు పడున్నాయి మేడమ్. కోయిస్తే కావలసినన్ని పలకలు. ఆ ముక్క పొద్దున ఎవరైనా చెప్పుంటే సాయంత్రానికి వేయించేదాన్ని."

"అది ముందు చెప్పకూడదండి," అంది పెద్దమ్మాయి. కొత్తగా చేరినవాళ్ళకు చెప్పీ చెప్పీ నాలుక చివర ఉన్న మాట. "ఒకరికి చెప్పి ఒకరికి చెప్పకపోతే అది పరీక్షే కాదు."

అన్నాక గానీ ఆ మాట ఆమెకు వినపడలేదు. పెట్టెలావిడ మాత్రం ఎంతో గౌరవంగా తలాడించింది. "నిజమే. అలా ఉండాలి. మీలాంటివాళ్ళు ఉండబట్టే నాలాంటిదానికి ఇంతకాలం ఆర్డర్లు దొరికాయి. నాకు వెనకా ముందూ ఎవరున్నారు గనక."

పెద్దమ్మాయి తన చేతులకేసి చూసుకుంటూ ఉండిపోయింది.

"ఒక్కటడగనా మేడమ్? ఆ చెమ్మ జిగురుది కాదంటారా? జిగురు సరిగా ఆరకుండా పేరిస్తే కూడా అలాగే మెత్తబడుతుంది కదా."

"జిగురు మెత్తదనం అతుకు దగ్గరే ఉంటుందండి. ఇది అట్టంతా ఉంది. గోడదే."

పెట్టెలావిడ ముఖంలో రంగు మారింది. జిగురు గిల్లుకుంటున్న చెయ్యి ఒళ్ళోకి జారింది.

"అయితే తప్పు దానిది కాదన్నమాట," అంది నెమ్మదిగా.

"ఎవరిది?"

"మా షెడ్డులో జిగురు పూసి పేర్చే మనిషి. నేను షెడ్డు పెట్టినప్పట్నుంచీ ఉంది. మీరు వేలు పెట్టి నొక్కడం, అది దిగడం చూశాను కదా. మీ కారు మలుపు తిరగ్గానే దాని మీద పడ్డాను. ఆరకుండా పేర్చి నా నోట్లో మట్టి కొట్టావన్నాను. ఆరాకే పేర్చానమ్మా, ఒట్టు అని మొత్తుకుంది. వింటానా? అందరి ముందూ అన్నాను. రేపట్నుంచి రావద్దన్నాను. మిగతావాళ్ళు కూడా నన్ను చూసి దాన్నే అన్నారు, పాపం." ఆవిడ కళ్ళు ఎక్కడో ఉన్నాయి. "ఇప్పుడు ఏ ముఖం పెట్టుకుని దాని గుమ్మంలోకి వెళ్ళను?"

పెద్దమ్మాయి తల ఎత్తి అడిగింది. "మళ్ళీ పిలుస్తారా?"

"పిలవకపోతే ఎట్లా? ఇక్కణ్ణుంచి అటే వెళ్తా. ముఖం లేకపోయినా కాళ్ళున్నాయి కదా." చటుక్కున నవ్వేసి, కుర్చీ చేతుల మీద బరువు ఆన్చి లేవబోయింది. "మీరు మేలు చేశారు మేడమ్. ఇది తెలీకపోతే ఆ పాపం నాకు అలాగే ఉండిపోయేది."

సరిగ్గా అప్పుడు వంటింటి వైపు తలుపు చప్పుడయింది.

"వదినా," చిన్నల్లుడి గొంతు. ఎప్పటిలాగే మనిషి కన్నా ముందు మాట వచ్చింది. "మిషను బిగించేశారు. ఇంకో వరస పలకలు కూడా వేయించా. మీరొచ్చి చూసి, ఇంకేమైనా తిట్లు మిగిలుంటే తిట్టేసిపోండి. ఆ రోజు మీరు గోడ గురించి తిట్టబట్టే కదా మనకి..."

గదిలోకి అడుగు పెట్టి ఆగిపోయాడు.

వాళ్ళిద్దరూ ఒకరికొకరు కొత్త కాదు. ఒకే కంపెనీ గేటు ముందు, ఎండలో, తమ తమ బండ్ల పక్కన నిలబడి ఏళ్ళ తరబడి ఎదురుచూసినవాళ్ళు. చిన్నల్లుడు వదిన వైపు చూశాడు. వదిన నేలకేసి చూస్తోంది. పెట్టెలావిడ ఇద్దర్నీ చూసింది, ఆ తర్వాత ఖాళీగా ఉన్న అలమారు వైపు చూసింది.

"వదినగారా," అంది. అడగలేదు, ఊరికే అనుకుంది.

లోపల గిన్నెలో గరిటె తిరుగుతున్న చప్పుడు వినిపిస్తోంది.

"మంచి పిల్లాడు," అంది పెట్టెలావిడ చివరికి. "గేటు దగ్గర నా బండికి దారిస్తాడు ఎప్పుడూ. ఏం బాబూ, పలకలు ఎక్కడ కొన్నావు?"

చిన్నల్లుడు తలుపు పట్టుకుని నిలబడ్డాడు.

"ఫరవాలేదులే. నాకు పాత తలుపులున్నాయి."

ఆవిడ గుమ్మం దాటింది. పెద్దమ్మాయి వెనకే గేటు దాకా వెళ్ళింది. ఎందుకు వెళ్తోందో తెలియదు. ఏదో చెప్పాలి. తిట్టాను గానీ చెప్పలేదని చెప్పాలి. ఇంట్లో మాటండీ, భోజనాల దగ్గర మాట అని చెప్పాలి. నోరు తెరిస్తే వచ్చింది వేరే మాట.

"మీరు మా ఆఫీసులో చెప్తారా?"

ఆ ప్రశ్న తన గొంతులోంచి వస్తుంటే ఆమెకు తల కొట్టేసినట్టయింది. అప్పటిదాకా ఆవిడకు చేసిన అన్యాయం కన్నా ఈ ప్రశ్న నీచమనిపించింది.

పెట్టెలావిడ గేటు గడియ తీస్తూ వెనక్కి తిరిగింది. కోపంగా చూసి ఉంటే బాగుండేది. ముసలివాళ్ళు పడిపోయిన పిల్లను చూసినట్టు చూసింది.

"నాకెందుకు మేడమ్? నా తప్పు నేను చెప్పుకోవడానికి పోతున్నా. మీది మీ ఇష్టం." గేటు మళ్ళీ జాగ్రత్తగా మూసి, "టీ బాగుంది, అమ్మగారికి చెప్పండి," అని వీధిలోకి నడిచింది. బస్సు స్టాపు కుడివైపు ఉంది. ఆవిడ అది చూసుకోకుండా ఎడమకు తిరిగింది, గబగబా.

*

వెనక వరండా మెట్టు మీద చిన్నల్లుడు బూట్ల తాళ్ళు విప్పుకుంటున్నాడు. విప్పిన తాడే మళ్ళీ మళ్ళీ విప్పుతున్నాడు.

"మీరేం తప్పు చేశారని వదినా? ఇంట్లోవాళ్ళం, మాట్లాడుకోమా? తిట్టారు. తిట్టడం నేరమా?"

"నేను పరీక్ష పెట్టేదాన్ని. నువ్వు రాసేవాడివి. నిన్ను తిట్టానంటే జవాబు చెప్పినట్టే."

"అలా అనుకుని చెప్పలేదు కదా మీరు."

"అలా అనుకోలేదని ఆవిడతో అనగలవా నువ్వు?"

అతను తల వంచుకున్నాడు. ఇంకేదో అనబోయి పెదవి కొరుక్కున్నాడు. "రేపు గేటు దగ్గర ఆవిడ పక్కన ఎలా నిలబడాలో," అని, తర్వాత తనకే గుర్తొచ్చినట్టు, "అవున్లే, ఇక ఆవిడ రాదుగా," అన్నాడు.

పడకగదిలో పెద్దల్లుడు చాలావరకు విన్నాడు. పేపరు మడిచి పక్కన పెట్టి, భార్య దుప్పట్ల కింద నుంచి ఫొటో తీస్తుంటే చూశాడు. దాని గురించి ఏమీ అనలేదు. అతను మంచివాడు. ఎవరికీ దెబ్బ తగలకుండా పని జరిగే దారి వెతకడం అతని స్వభావం.

"రేపు ఆఫీసులో చెప్తావా?"

"చెప్పాలి."

"చెప్పు. చుట్టరికం ఉందని చెప్పు. మొదట్లో చెప్పడం మర్చిపోయానను. మహా అయితే మందలిస్తారు. ఇంకొకళ్ళని పంపించి షెడ్డులు మళ్ళీ చూడమంటారు. చూడనీ."

"మళ్ళీ చూస్తే..."

"ఇప్పుడతని షెడ్డులో పలకలున్నాయి. ఆవిడ ఇవాళే తెలుసుకుంది. ఆవిడా వేస్తుంది. ఇద్దరికీ సమానమే అవుతుంది. పలకల మాట నువ్వెత్తకపోతే నీ ఉద్యోగం ఉంటుంది, వాళ్ళ ఆర్డరుకీ దారి ఉంటుంది. ఎవరి కొంపా మునగదు."

ఎంత చక్కగా ఉంది ఆ సలహా. పెద్దమ్మాయి ఒక క్షణం దాన్ని చేతిలోకి తీసుకుని తిప్పి చూసింది కూడా. ఆఫీసులో ఆమె కూడా ఇలాంటివే తయారు చేస్తుంది. ప్రతి మాటా నిజమే, అన్నీ కలిపితే అబద్ధం. దీనికి ఆమె లొంగిపోగలదు. అందుకే ఆమెకు భయం వేసింది.

"జిగురు పూసే మనిషి గురించి విన్నారా?" అంది.

"ఎవరు?"

"ఏం లేదు. భోజనానికి రండి."

*

ఆదివారం భోజనాల దగ్గర ఎప్పుడూ గోలగా ఉండేది. ఆ రోజు చిన్నమ్మాయి ఒక్కతే మాట్లాడుతోంది. పై నుంచి అప్పుడే దిగిన ఆమెకు ఇంకా ఏమీ తెలియదు. కొత్త మిషను గురించి, షెడ్డు పక్క స్థలం గురించి, ఇంకో ఇద్దర్ని పనిలో పెట్టుకోవడం గురించి చెబుతోంది.

"ఏమయ్యా, ముద్ద దిగట్లేదా? వదిన మళ్ళీ తిట్టిందా? ఆవిడ తిట్టు మనకి అచ్చొచ్చింది, తిట్టించుకో."

చిన్నల్లుడు దగ్గాడు. పెద్దల్లుడు నీళ్ళ గ్లాసు అతని వైపు జరిపాడు.

"మీరందరూ వినాలి," అంది పెద్దమ్మాయి.

చెయ్యి కంచంలోనే ఉంచి చెప్పింది. ఇవాళ ఎవరొచ్చారో చెప్పింది. ఫొటో ఎందుకు తీసిందో చెప్పింది. తల్లి ముఖం వైపు చూడకుండా ఆ మాట చెప్పింది. ఆవిడ పనిలోంచి తీసేసిన మనిషి సంగతి చెప్పింది. గేటు దగ్గర తను ఆవిడను ఏమడిగిందో, ఆ ఒక్కటీ చెప్పలేకపోయింది. కాసేపు ఆగి, అది కూడా చెప్పింది.

"రేపు ఆఫీసులో అంతా చెప్తాను. చుట్టరికం సంగతీ, పలకల సంగతీ."

చిన్నమ్మాయి నవ్వబోయి, ఎవరూ నవ్వకపోవడం చూసి మానేసింది.

"పలకల సంగతెందుకక్కా?"

"అది కూడా చెప్పకపోతే చెప్పినట్టు కాదు."

"మిషను వచ్చింది. పాతదిచ్చేసి తెచ్చుకున్నాం. ఇవాళే బిగించారు. నీకు ఇవాళే నీతి గుర్తొచ్చిందా?" ఆమె గొంతు పెరగలేదు. పెరిగి ఉంటే తేలికయ్యేది. "ఆర్డరు వచ్చిన రోజు నన్ను పట్టుకుని ఏడ్చావు కదా. సంతోషమన్నావు. అప్పుడు తెలీదా నీకు?"

"తెలుసు."

"తెలుసా?"

"తెలుసు. తెలీనట్టుండొచ్చని అనుకున్నాను."

"మరి ఇప్పుడూ అలాగే ఉండు. నీ మనసు తేలిక చేసుకోవడానికి మా కంచం లాక్కుంటావా? ఆవిడెవరో, ఆవిడ షెడ్డులో జిగురు పూసేదెవరో. నేను నీ చెల్లెల్ని."

చెల్లెలన్నది అబద్ధం కాదు. చెల్లెలు కాబట్టే ఇదంతా అయింది.

"ఊరుకో," అన్నాడు చిన్నల్లుడు పెళ్ళాంతో.

"నేనెందుకు ఊరుకోవాలి?"

"తప్పు వదిన ఒక్కదానిదే కాదు." అతను కంచం ముందుకు జరిపాడు. "వదినా, మీరు తిట్టిన రోజు నేను ఊఁ అన్నాను, అంతే. మీరెప్పుడూ ఏదో ఒకటి తిడతారు, రేపు చూద్దాంలే అని వదిలేశాను. పలకలు వేయలేదు. చాలా రోజులు వేయలేదు."

"మరి మా ఆఫీసు అమ్మాయి వచ్చేసరికి ఉన్నాయే?" అంది పెద్దమ్మాయి.

"ఎప్పుడొస్తున్నారో తెలిశాక వేయించాను. ముందురోజే."

పెద్దమ్మాయికి మొదట అర్థం కాలేదు. చెప్పకుండా వెళ్ళి చూడాలన్నది ఆ పరీక్షకు మొదటి నియమం. ఆ రోజు ఏదో ఆమెకూ, మార్కులు వేసిన అమ్మాయికీ తప్ప ఆఫీసులో కూడా ఎవరికీ తెలియదు. ఇద్దరూ మాట్లాడుకున్నది ఒక్కసారే, ఫోనులో, ఈ ఇంట్లోంచి.

"నీకెవరు చెప్పారు?"

చిన్నల్లుడు నీళ్ళ గ్లాసు అందుకున్నాడు. ఎవరి వైపూ చూడకుండా ఉండడానికి ఎంతో ప్రయత్నిస్తున్నాడు.

తల్లి ఇంతసేపూ నిలబడే ఉంది, వడ్డించడానికి. గిన్నె మీద మూత పెట్టింది. కూర్చుంది.

"అతన్ననకు. నేనే చెప్పాను," అంది. "నువ్వు ఫోనులో ఎల్లుండి పొద్దున్నే వెళ్ళు, వస్తున్నట్టు చెప్పకు అంటుంటే పక్కగదిలో బట్టలు మడత పెడుతున్నాను. చాటుగా వినలేదు, చెవిన పడింది. పైకి వెళ్ళి అతనికి చెప్పాను. నీకు తెలీకూడదని కూడా చెప్పాను. రెండు పొయ్యిలూ నావే కదా, ఒకటి ఆరిపోతుంటే చూస్తూ కూర్చోనా అనుకున్నాను."

"అమ్మా," అన్నారు ఇద్దరు కూతుళ్ళూ, ఒకేసారి, ఒకేలా కాదు.

"ఇవాళ ఆవిడకి టీ ఇచ్చి, నా కూతురు న్యాయం తప్పదని చెప్పాను. ఆ గదిలో నిలబడి, ఈ నోటితో." తల్లి ఏడవలేదు. ఖాళీ కంచాన్ని తన ముందు సరిగ్గా సర్దుకుంది, ఏదో పరీక్షకు కూర్చున్నట్టు. "నువ్వు వెళ్ళి నీ తప్పని చెప్తే, నాది కూడా నీ మీదే పడుతుంది. అది కుదరదు. రేపు మీ ఆఫీసుకి నేనూ వస్తాను."

"నువ్వెందుకమ్మా? వాళ్ళు నిన్ను..."

"ఏమంటారో అననీ." చిన్నమ్మాయి వైపు చూడలేదు తల్లి. పెద్దదాని వైపే చూస్తూ అడిగింది. "మీ పెద్దాయనని ఏమని పిలవాలో చెప్పు. మాట తడబడితే, అబద్ధం చెబుతున్నాననుకుంటారు."